సందు లేని తొడుగు

జులై 2, మంగళవారం
సిగరెట్లు: పదకొండు.

ఆసుపత్రిలో సిగరెట్లు మాన్పించే డాక్టరమ్మ ఈ నోటుబుక్కు చేతిలో పెట్టింది. "రోజుకెన్ని తాగినారో రాసుకోండి. ఎవరికీ చూపించాల్సిన పని లేదు. మీకు మీరు అబద్ధం చెప్పుకోకుంటే అంతే చాలు" అంది. నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. ఇరవై ఏళ్ళుగా సుత్తీ ఉలీ పట్టిన చేత్తో ఇప్పుడు కూర్చుని లెక్క రాయాలట.

నిజానికి పద్నాలుగు. మూడు మాత్రం ఆసుపత్రి గేటు బయట, ఆమెను కలవకముందు తాగినవి. అవి లెక్కలోకి రావు.

జులై 3
సిగరెట్లు: తొమ్మిది.

ఉయ్యాల కట్టిన కొక్కెం అలాగే ఉంది. ఉయ్యాల విప్పుకుని వెళ్ళిపోయారు.

పెళ్ళైన తొమ్మిదేళ్ళకు పుట్టిన బిడ్డ. అదీ ఏడో నెలలో. ముప్పై నాలుగు రోజులు గాజుపెట్టెలో పెట్టి, ముక్కులో గొట్టాలతో బతికించారు. ఇంటికి పంపేటప్పుడు పిల్లల డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడలేదు, ఇంట్లో పొగ ఉండకూడదు, బట్టల మీద వాసన కూడా ఉండకూడదు. నేను తలూపాను. నాకంటే బాగా తలూపేవాడు తిరుపతిలో దొరకడు.

ఆరో రోజు బయట తాగి, నోరు పుక్కిలించి, యాలక్కాయ నమిలి, చొక్కా మార్చుకుని పిల్లనెత్తుకున్నాను. దగ్గింది. మళ్ళీ దగ్గింది. పెదాల చుట్టూ నీలం తిరిగింది. కోమలి నా చేతుల్లోంచి పిల్లను లాక్కుంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది, నేనూ అరిచేవాణ్ణి. మర్నాడు పూతలపట్టు నుంచి చెంగయ్య మామ కారు మాట్లాడుకుని వచ్చాడు. సొంత మేనమామే పిల్లనిచ్చిన మామ అయితే ఇదే తంటా, తిట్టనూ లేడు, ఊరుకోనూ లేడు. కారెక్కబోతూ కోమలి అంది. "బావా, పొగ మానేసిన దినం చెప్పు. నేనే వస్తాను. అంతదాకా బిడ్డను ముట్టుకోవద్దు."

కన్నతండ్రిని ముట్టుకోవద్దంది. రాసుకుంటే ఇంకా మండుతోంది.

జులై 5
ఏడు.

మామ ఫోన్ చేశాడు. శ్రావణంలో, ఆగస్టు ఇరవై మూడు శుక్రవారం పూతలపట్టులో బారసాల. పేరు పల్లవి. కోమలి నిర్ణయించిందట. నన్ను అడిగేవాళ్ళు ఎవరున్నారు.

"బియ్యంలో పేరు రాసేది తండ్రే గదప్పా మునీ. అప్పటికి మానేసి రా. ఆ దినం నీ వంటిమీద వాసన లేకుంటే తల్లీబిడ్డల్ని నీ జతలోనే పంపిస్తా. వాసనొస్తే మాత్రం నేనేం సెయ్యలేను. నా మాట అది ఇనదు."

యాభై రోజులున్నాయి. యాభై రోజుల్లో మనిషి ఏదైనా మానొచ్చు.

జులై 6
ఇరవై రెండు. రాయడానికి సిగ్గేం లేదు. ఎవరూ చూడరు కదా.

జులై 9
సిగరెట్లు: సున్నా.

సున్నా! ఇలా ఒక రోజు వస్తుందని ఆ డాక్టరమ్మ కూడా అనుకుని ఉండదు.

సునీల్‌కుమార్ పుణ్యం. మా వర్క్‌షాపు కింద సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. నా మొహం చూసి షట్టరు సగం దించి, సొరుగులోంచి పెన్నులాంటి ప్లాస్టిక్ గొట్టం తీశాడు. అమ్మితే కేసు పెడతారట, ఎవరికీ చెప్పొద్దన్నాడు. లోపల ఒక బ్యాటరీ సెల్లు, ఒక తీగచుట్ట, ఏదో ద్రావకం. మీట నొక్కితే చుట్ట వేడెక్కి ద్రావకం ఆవిరవుతుంది. అది పీల్చాలి.

"పొగ గాదన్నా ఇది. ఆవిరి. వాసన కూడా రాదు సూడు" అన్నాడు.

పీల్చాను. గొంతులో తగిలింది. అంతసేపూ ఎవరో మెడ పట్టుకుని ఉన్నట్టుంది, వదిలేసినట్టయింది.

ఆవిరి లెక్కలోకి రాదు. డాక్టరమ్మ సిగరెట్లు రాయమంది, సిగరెట్లే రాస్తాను.

జులై 11
సున్నా.

రేకు కోస్తుంటే ఆ ప్లాస్టిక్ గొట్టం బల్ల మీంచి పడి పగిలింది. లోపలి సామాను బాగానే ఉంది. సునీల్ ఇంకో ప్లాస్టిక్‌ది ఇస్తానన్నాడు. నాకు కోపం వచ్చింది. దేవుడి విగ్రహాలకు ఇత్తడి తొడుగులు, వెండి తొడుగులు చేసే ఇల్లు మాది. నేను ప్లాస్టిక్ నోట్లో పెట్టుకోవాలా?

వాడు ఫోన్లో బొమ్మలు చూపించాడు. ఏ దేశంవాళ్ళో ఇలాంటి గొట్టాలకే ఇత్తడి పెట్టెలు చేసుకుంటున్నారు. మేకుల తలలు వరసగా తేలి, పళ్ళచక్రాలు బయటికి కనబడుతూ, పక్కన ఆవిరి ఒత్తిడి చూపించే ముల్లు. అచ్చం పాత రైలింజను.

"స్టీమ్‌పంక్ అంటారన్నా దీన్ని. ఆవిరి ఇంజన్లు ఉండే కాలం మాదిరి సామాను చేసుకునేది. అదొక పిచ్చి."

బొమ్మలు పెద్దవి చేసి చూశాను. అతుకులు చూస్తే నవ్వొచ్చింది. మా నాయన చూస్తే ఆ పెట్టెలన్నీ మూసలో వేసి కరిగించేవాడు.

జులై 14, ఆదివారం
సున్నా.

ఈ రోజు పూతలపట్టు వెళ్ళొచ్చు. చిత్తూరు బస్సెక్కితే గంటన్నర. దూరం నుంచి చూసి రావచ్చు, ముట్టుకోవద్దందిగానీ చూడొద్దనలేదు. కానీ రేణిగుంటలో పాత సామాను కొట్టులో ఆదివారమే తీరిగ్గా వెతుక్కోవచ్చు.

వెతికినందుకు దొరికింది. రూపాయి బిళ్ళంత ఒత్తిడి మీటరు, అద్దం పగల్లేదు, ముల్లు ఎర్రగా ఉంది. చక్రాలకు నాయన టైంపీసు విప్పాను. ఆరేళ్ళుగా నడవడం లేదు, ఆయన పోయినప్పటి నుంచీ. ఎవరూ తాళం ఇవ్వలేదు, అందుకే నడవలేదు. దానికేదో అర్థం ఉందని కోమలి అనేది. అర్థం ఏమీ లేదు.

మందం రేకు కోసి, కాల్చి, లక్క మీద పరిచాను. మేకుల వరస తేల్చాను, నూట ఎనిమిది. శంఖం, చక్రం, నామం పెట్టలేదు. అంత తెగించలేదు ఇంకా. కానీ ఉలి పట్టుకున్నాక చెయ్యి తనంతట తాను తామర రేకులవైపే పోతుంది. అంచున చిన్నగా ఒక వరస వేశాను. ఎంత కాలమైందో ఇలా నాకోసం పని చేసి. ఇప్పుడు గుళ్ళవాళ్ళు కూడా మద్రాసు నుంచి అచ్చులో కొట్టిన తొడుగులు తెప్పించుకుంటున్నారు. స్వామికి ముక్కు ఎక్కడుందో చెవి ఎక్కడుందో, తొడిగితే తెలుస్తుంది.

జులై 17
సున్నా.

సునీల్ పైకి వచ్చి పెట్టె చూసి ఈలేశాడు. తర్వాత తిప్పి అడుగు చూశాడు.

"కింద రంధ్రాలు యాడన్నా?"

"రంధ్రాలేంటికి?"

"ప్లాస్టిక్‌దానికి మూడు ఉన్నాయి గదా, సూడలేదా? సెల్లు వేడెక్కితే లోపల గ్యాసు పుడతాది. పోయేదానికి దారి లేకుంటే టపాకాయే. మళ్ళీ నీది గట్టి ఇత్తడి. మూడు రంధ్రాలు ఎయ్యన్నా, నా మాట విను."

వేశాను. వాడి ముందే వేశాను. ఉలి దింపుతుంటే పళ్ళు జివ్వుమన్నాయి. మా పనిలో మొదటి పాఠమే సందు వదలకపోవడం. తొడుగు పూర్తయ్యాక చీకటి గదిలో దాని వెనక దీపం పెట్టి చూడాలి. సూదిమొనంత వెలుతురు ఇవతలికి వచ్చినా ఆ తొడుగు గుడికి పోదు. అభిషేకం నీళ్ళు ఆ సందులోంచి లోపలికి దిగి, రాయికీ రేకుకీ మధ్య నిలిచి, లోపల్నుంచి తినేస్తాయి. నాకు పన్నెండేళ్ళప్పుడు నాయన నన్ను కొట్టిన దెబ్బ ఒక్కటే, అలాంటి సందు కోసం.

జులై 20
సున్నా. పన్నెండు రోజులు.

కోమలికి నేనే ఫోన్ చేశాను. పన్నెండు రోజులుగా ఒక్క సిగరెట్టు ముట్టలేదని చెప్పాను.

"నిజంగానా బావా?"

"బిడ్డ మీద ఒట్టు."

"ఒట్లు పెట్టొద్దు. నిజమైతే అంతే చాలు. నిన్న నవ్వింది బావా. ఊరికే, ఫ్యాను చూసి."

ఒక్క సిగరెట్టు కూడా ముట్టలేదు. అబద్ధం ఎక్కడుంది ఇందులో?

జులై 29, ఆడికృత్తిక
రాయాలనిపించడం లేదు. కానీ రాస్తాను.

పుత్తూరు దగ్గర పల్లెలో సుబ్రహ్మణ్యస్వామికి వెండి తొడుగు ఈ రోజు కావళ్ళు వచ్చేలోగా ఇవ్వాలి. పొద్దున్నే తీసుకెళ్ళాను. గుడి పెద్ద చిన్నబ్బ, నాయన కాలంవాడు. గర్భగుడి తలుపు మూయించి తొడుగు వెనక ప్రమిద పట్టించాడు. నెమలి మెడ దగ్గర, చుక్కంత వెలుతురు.

మొక్కుబడికి వచ్చినవాళ్ళు కావళ్ళు భుజాన పెట్టుకుని చూస్తున్నారు.

"మీ నాయన సేసింటే ఈ సందు ఉండునా మునీ?" అన్నాడు చిన్నబ్బ. పెద్దగా కూడా అనలేదు. "నీ మనసు యాడుండాదప్పా?"

గుడి బయట చెట్టు కింద కూర్చుని, పదిమందీ చూస్తుండగా ఆ సందు టంకంతో పూడ్చి ఇచ్చాను. నా మనసు ఎక్కడుందో నాకు తెలుసు. నెమలి మెడ కొట్టిన రోజు సాయంత్రం నేను నా పెట్టె మూతకు మర తీస్తున్నాను. అంత చిన్న పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. అయినా ఆ ముసలాయన అలా నలుగురిలో అడగాల్సింది కాదు.

దారిలో రెండు తాగాను. సిగరెట్లే. సున్నా అని రాయలేను, రెండు.

జులై 30
సున్నా.

పెట్టెను దీపం ముందు పెట్టాను. అడుగున మూడు రంధ్రాల్లోంచి మూడు గీతలు వచ్చి గోడ మీద పడ్డాయి. చిన్నబ్బ మాట గుర్తొచ్చింది. నా చేతి కింద తయారైన వస్తువులోంచి వెలుతురు రాకూడదు, అది దేవుడిదైనా నాదైనా.

సెల్లు బయటికి తీసి, మూడింట్లో మూడు ఇత్తడి మేకులు దించి, టంకం పోసి, ఆకురాయి పట్టాను. రంధ్రం ఎక్కడుండేదో నాకే తెలియడం లేదు. మళ్ళీ దీపం పెట్టాను. చీకటి. ఎంత హాయిగా ఉందో ఆ చీకటి.

సునీల్‌కు చూపించలేదు. చూపిస్తే మళ్ళీ పాఠం చెబుతాడు. వాడు చేసేది అద్దాలు మార్చే పని. లోహం గురించి వాడు నాకు చెప్పాలా?

ఆగస్టు 4, ఆదివారం
సున్నా.

పూర్తయింది. అరచేతిలో సరిగ్గా పడుతుంది. మేకుల వరసలు, మధ్యలో కిటికీలాంటి గాజు, దాని వెనక నాయన టైంపీసు చక్రాలు. మీట నొక్కితే చక్రం అరంగుళం తిరిగేలా చేశాను. మీట కూడా మేకు తలే, మిగతావాటికంటే నూలుపోగంత పైకి తేలి ఉంటుంది, వేలికి కళ్ళు మూసుకున్నా దొరుకుతుంది. మీటరు ముల్లు మాత్రం కదలదు. అలంకారం.

టీ కొట్టు దగ్గర అందరూ చేతులు మార్చుకుంటూ చూశారు. లాడ్జిలో దిగిన ఒక బెంగుళూరు ఆయన అమ్ముతావా అని మూడుసార్లు అడిగాడు. ఇరవై ఏళ్ళలో నా పనిని చూసి దండం పెట్టినవాళ్ళున్నారు, అది దేవుడికి పెట్టిన దండం. నా పనిని చూసి నన్ను చూసింది ఈయనొక్కడే.

ఆదివారం కూడా అయిపోయింది. మెరుగు పెట్టేసరికి సాయంత్రం నాలుగైంది. ఇంకెప్పుడు పూతలపట్టు.

ఆగస్టు 8
సున్నా.

ఆగస్టు 9
సున్నా. సిగరెట్లకంటే ఇది ఎక్కువ పీలుస్తున్నానేమో. లెక్క పెట్టలేదు. లెక్క పెట్టమని ఎవరూ అనలేదు.

ఆగస్టు 13
సున్నా.

చొక్కా జేబులో ఉండగా స్కూటరు మీద వంగాను, మీట నొక్కుకున్నట్టుంది. గుండె మీద వెచ్చగా తగిలింది. బయటికి తీస్తే ఇస్త్రీ పెట్టెలా ఉంది. పక్కన పెడితే పది నిమిషాల్లో చల్లారింది.

ఇత్తడి కదా, వేడి పట్టుకుంటుంది. అంతే.

మీట తల కాస్త అరగదీయాలి. బారసాల అయ్యాక చూస్తాను. ఇప్పుడు అరగదీస్తే వరస చెడుతుంది.

ఆగస్టు 18, ఆదివారం
సున్నా.

పట్టు పంచె కొన్నాను. పాపకు వెండి మొలతాడు నేనే చేశాను. చివర గంట పెట్టలేదు, నిద్రలో ఉలిక్కిపడుతుందని. ఉయ్యాల కొక్కేనికి నూనె రాశాను. ఐదు రోజుల్లో ఈ ఇంట్లో పిల్ల ఏడుపు వినబడుతుంది. రాస్తుంటేనే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి సంతోషంతో.

ఆగస్టు 22
సున్నా.

రేపు పెట్టె ఇంట్లోనే పెట్టి పోతాను.

ఇంట్లోనే పెట్టి పోతాను.

ఆగస్టు 23
పేరు పెట్టారు.

ఆగస్టు 25
రాయకుంటే పిచ్చెక్కేలా ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఎవరూ చూడరు.

పెట్టె తీసుకునే వెళ్ళాను. బస్సు ఆలస్యమైతే చేతులు వణుకుతాయేమోనని. బస్సు ఆలస్యం కాలేదు. పూతలపట్టు క్రాసులో దిగి, మామిడితోట వెనక నిలబడి రెండుసార్లు పీల్చాను. తర్వాత వాళ్ళింట్లో వేణ్ణీళ్ళతో తలారా స్నానం చేశాను. వరలక్ష్మమ్మ అత్త కట్టుకోమని నేను తెచ్చిన పంచే నాకు అందించింది. చొక్కా విప్పి వంకీకి తగిలిస్తే ఎవరైనా జేబు తడుముతారని, పెట్టెను పంచె కింద నిక్కరు జేబులోకి మార్చాను. అప్పుడే పెరట్లో ఎక్కడైనా పెట్టి ఉండొచ్చు. పెట్టలేదు. పిల్లలు తీస్తారని అనుకున్నాను. అది కూడా అబద్ధమే, దూరంగా పెట్టాలనిపించలేదు.

పీట మీద మఠం వేసుకుని కూర్చున్నాను. ముందు పళ్ళెంలో బియ్యం. పక్కన కోమలి. యాభై రోజులు దాటాక పక్కన కోమలి. పంతులు "బిడ్డను తండ్రి ఒళ్ళో పెట్టమ్మా" అన్నాడు. ఆమె ఆగింది. అందరూ చూస్తుండగానే వంగి నా మెడ దగ్గర వాసన చూసింది. తర్వాత నా రెండు చేతులూ తీసుకుని వేళ్ళు వాసన చూసింది. ఏ ఆడదీ మొగుణ్ణి అలా పదిమందిలో పరీక్ష చేయదు. నాకు కోపం రాలేదు. ఆమె మొహం నెమ్మదిగా విచ్చుకోవడం చూస్తున్నాను.

"మానేసినావు బావా" అంది, నాకు మాత్రమే వినబడేలా. బిడ్డను నా ఒళ్ళో పెట్టింది.

ఎంత బరువైందో. కుడి తొడ మీద తల పెట్టి పడుకుంది. నా కళ్ళలోకి చూసింది. ఫ్యాను చూసి నవ్విన పిల్ల నన్ను చూసి నవ్వలేదు, ఊరికే చూసింది. ఆ చూపు చాలనిపించింది.

ఉంగరంతో బియ్యంలో 'ప' రాశాను. 'ల్ల' మొదలుపెట్టాను. కుడి తొడ వెచ్చగా తగిలింది. పిల్ల పాసు పోసిందనుకున్నాను. ఆ వెచ్చదనం తగ్గలేదు. పెరిగింది. చురుక్కుమంది. అప్పుడు తెలిసింది. మఠం వేసుకున్న మడతలో మీట నొక్కుకుపోయింది, ఎప్పటి నుంచో. దాని మీద పంచె, పంచె మీద నా బిడ్డ తల.

సునీల్ అన్న మాట మొత్తం ఒక్కసారిగా వినబడింది. పోయేదానికి దారి లేకుంటే టపాకాయే.

ఒక్క క్షణం కదల్లేదు. ఇది రాయాలి. ఒక్క క్షణం, చల్లారుతుందిలే, పేరు రాసేసి లేద్దాం అనుకున్నాను. ఇంకో రెండక్షరాలే ఉన్నాయి. కోమలి పక్కనే నవ్వుతోంది.

తర్వాత పిల్లను ఎత్తి కోమలి చేతుల్లో పడేసినట్టే పెట్టి లేచాను. "నడుమలో లెయ్యకూడదు నాయనా" అని పంతులు అరుస్తున్నాడు. పళ్ళెం తన్నుకున్నానేమో, బియ్యం చిందాయి. పెరటి గుమ్మం దాటి తోటలోకి పరిగెత్తాను. జేబులో చెయ్యి పెడితే చర్మం అంటుకుపోయింది. లాగి విసిరాను. గట్టు అవతల పడ్డాక రెండు లెక్కబెట్టేంతసేపు ఏమీ కాలేదు. తర్వాత పేలింది. ఇత్తడి ముక్క మామిడి మానులో దిగబడిపోయింది. వేలెడు లోతు దిగింది. వేలు పెట్టి చూశాను.

మెత్తని తల. ఇంకా ఎముక కూడా కూడుకోని తల.

ఇంట్లోంచి ఎవరో "బిడ్డ మేనమామ టపాకాయ కాల్చినట్టుండాడే" అనడం వినబడింది. నవ్వారు.

నేను లోపలికి వచ్చేసరికి పళ్ళెంలో 'పల్లవి' అని పూర్తిగా ఉంది. మొదటి అక్షరం నాది. మిగతాది కోమలి తమ్ముడు బాలాజీ రాశాడు, ముహూర్తం దాటిపోతుందని. చెవిలో పేరు కూడా వాడే చెప్పాడట. కాలిన చేతిని పంచెలో దాచుకుని నిలబడ్డాను. నా ఒంటి నిండా పొగ వాసన. పేలిన పొగ. కోమలి దగ్గరకి రాలేదు. రావాల్సిన పని లేదు, గుమ్మం దగ్గరి నుంచే వాసన తెలుస్తోంది.

"పది నిమిషాలు బావా" అంది. "బిడ్డ ఒళ్ళో ఉంటే పది నిమిషాలు ఓర్చుకోలేకపోయినావా?"

ఏం చెప్పాలి? సిగరెట్టుకు లేవలేదు కోమలీ, నా జేబులో బాంబు ఉంది, దాని మీద నీ బిడ్డను పడుకోబెట్టుకున్నాను, అందుకే లేచాను. ఆ బాంబు నేనే చేశాను, మెరుగు పెట్టి మరీ చేశాను. రంధ్రాలు వదలమని చెప్పినా పూడ్చాను. అలా చెప్పాలా?

"పో బావా" అంది. ఏడవలేదు. పిల్ల మాత్రం ఏడుస్తూనే ఉంది.

మొలతాడు ఇచ్చానో లేదో గుర్తు లేదు.

ఆగస్టు 27
తొడ మీద అరచేయంత బొబ్బ. ఆసుపత్రికి వెళ్ళలేదు. ఎలా కాలిందని అడుగుతారు. సునీల్ అడిగితే పెట్టె పోగొట్టుకున్నానని చెప్పాను. ఇంకోటి చేద్దామన్నాడు. వాణ్ణి కొట్టాలనిపించింది. వాడి తప్పేముంది.

సెప్టెంబర్ 2
ఇరవై మూడు నుంచి ఏమీ తాగలేదు. పొగా లేదు, ఆవిరీ లేదు. నోట్లో పెట్టుకోబోతే మామిడి మానులో ఆ చిల్లు కనబడుతుంది. ఇదే నోటుబుక్కులో ఇంతకుముందు కూడా మానేశానని రాశాను కాబట్టి ఇప్పుడు రాస్తే నాకే నమ్మకం కలగడం లేదు.

సెప్టెంబర్ 11, బుధవారం
మధ్యాహ్నం మామ వర్క్‌షాపుకు వచ్చాడు. చెప్పకుండా వచ్చాడు. ముక్కాలి పీట మీద కూర్చుని, బల్ల మీద పని ఏమీ లేకపోవడం చూశాడు.

"సెయ్యేమైనాది?"

"టంకం పడింది మామా."

తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆయనకు ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నా చిన్నప్పుడు ఇదే మనిషి నన్ను భుజాల మీద ఎక్కించుకుని గంగజాతరకు తిప్పాడు.

"కోమలి నన్ను పంపించింది. ఒక్కమాట అడిగి రమ్మనింది. ఆ దినం పీట మీద నుంచి యేంటికి లేచినావు? నిజం సెప్పమనింది. ఇంతకాలం అబద్ధాలతోనే యాష్ట పడిపోయిందప్పా అది. తాగినాడని గాదు నాయనా, తాగలేదని సెప్పినాడే, అది తట్టుకోలేకుండా ఉండానంటాది. నిజం ఒకటి నీ నోటెంట ఇంటే, మళ్ళీ ఆలోచన చేస్తాననింది."

పంచె పైకి తీసి తొడ చూపిస్తే చాలు. అంతా చెప్పినట్టే. బిడ్డను కాపాడడానికి లేచానని తెలుస్తుంది. ఆ బిడ్డ తలకింద ఏం పెట్టుకుని కూర్చున్నానో కూడా తెలుస్తుంది. సిగరెట్టు తాగే మొగుడైతే ఎప్పుడో ఒకప్పుడు మానేస్తాడని ఏ ఆడదైనా ఎదురుచూస్తుంది. అలాంటి పెట్టె మీద బిడ్డను పెట్టుకున్నవాడి దగ్గరికి ఏ తల్లి వస్తుంది? నేనైతే పంపను.

"సిగరెట్టుకే లేచినాను మామా" అన్నాను. "ఓర్చుకోలేకపోయినా."

ఆయన లేచి వచ్చి, మంచి చేతిని పట్టుకున్నాడు.

"పోన్లేప్పా. ఇన్నాళ్ళకి ఒక నిజం సెప్పినావు. అది సాలు" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి ఆయనకు. మంచినీళ్ళు అడిగి తాగి, చిత్తూరు బస్సుకు వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆరింటికి కోమలి ఫోన్. వెనకాల పిల్ల ఏదో ఊకొడుతోంది.

"నాయన చెప్పినాడు. నిజం చెప్పినావంట."

"ఊఁ."

"కోపం పోలేదు బావా. పోయిందని అనుకోవద్దు. కానీ నువ్వు దాచకుండా చెప్పినావు చూడు, అందుకు ఈ పొద్దు కడుపునిండా అన్నం తిన్నాను." పిల్లను భుజం మార్చుకున్నట్టుంది. "ఇంకేమన్నా దాచినావా నా దగ్గర?"

"లేదు" అన్నాను.

"అయితే ఆదివారం రా" అంది.